ఎత్తు వంతెన... ఎదురు గండం!

కోనసీమలో ఎవరినైనా దారి అడిగి చూడండి. వీధి పేరు చెప్పరు, ఇంటి నంబరు అసలే చెప్పరు. వంతెన చెబుతారు. ఎర్ర వంతెన దాటాక ఎడంపక్కకు తిరగమంటారు. నల్ల వంతెన దగ్గర దిగిపొమ్మంటారు. లాకులు దాటి రెండో వంతెన ఎక్కకుండా గట్టు పట్టుకుని వెళ్లమంటారు. అమలాపురంలో అయితే వంతెనల రంగులే గుర్తులైపోయాయి. అడుగడుగునా కాలువో బోదో డ్రెయినో అడ్డొచ్చే సీమలో అంతకంటే మంచి కొండగుర్తు ఏముంటుంది?

అమలాపురం దాటి అల్లవరం వైపు వెళితే ఆ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. మండలానికి పడమట వైనతేయ గోదావరి, దక్షిణాన బంగాళాఖాతం. మధ్యలో కొబ్బరి తోటలు, వరి చేలు, రొయ్యల చెరువులు. వాటిని అడ్డంగా, నిలువుగా కోసుకుంటూ పంట కాలువలు, మురుగు కాలువలు. బోడసకుర్రు, గోడి, బెండమూర్లంక, కొమరగిరిపట్నం, ఓడలరేవు... ఏ ఊరికి బయల్దేరినా ఎక్కడో ఒకచోట వంతెన ఎక్కాలి, దిగాలి.

ఎక్కాలి, దిగాలి అన్నది మాటవరసకు కాదు. డెల్టాలోని పాతకాలపు కాలువ వంతెనల్ని గమనించండి. రోడ్డు బల్లపరుపుగా వస్తూ వస్తూ కాలువ గట్టు దగ్గర ఒక్కసారిగా పైకి లేస్తుంది. మధ్యలో ఎద్దు మూపురంలా ఉబ్బుతుంది. ఆవలి గట్టు దగ్గర మళ్లీ జారుడుబల్లలా దిగిపోతుంది. సైకిలు తొక్కే పిల్లలు సగం ఎత్తు దాకా నిలబడి తొక్కి, అక్కడి నుంచి దిగి తోసుకుంటూ వెళతారు. మోటారు సైకిలు వాళ్లు హారన్ కొడుతూ ఎక్కుతారు. ఎందుకంటే శిఖరం చేరేదాకా అవతలి నుంచి ఏమొస్తోందో కనపడదు. కనపడేసరికి ఎదురుబండి ముఖం మీదే ఉంటుంది!

ఆ ఎత్తు ఎందుకు పెట్టారు? కట్టినవాళ్లకు తెలియక కాదు. దాని వెనక పెద్ద కథే ఉంది.

పడవ కోసం పెంచిన ఎత్తు

1847లో సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టారు. 1852కి అది పూర్తయింది. గోదావరి నీటిని తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు పంచే కాలువలు దాని వెంటే వచ్చాయి. మధ్య డెల్టా అంటే మన కోనసీమే. ఈ కాలువల్ని పొలానికి నీళ్లిచ్చే మార్గాలుగా మాత్రమే తవ్వలేదు. కాటన్ దృష్టిలో కాలువంటే రహదారి కూడా. ధాన్యం, కొబ్బరికాయ, కలప, మనుషులు... అన్నీ పడవ మీదే. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడిచే మనుషులు తాడు కట్టి లాగడం. నీటిమట్టం మారే చోట పడవను ఎత్తడానికీ దించడానికీ లాకులు. లొల్ల లాకుల్ని సినిమాల్లో చూసి మురిసిపోతాం గానీ, అవి పడవల ట్రాఫిక్ కోసం కట్టిన గేట్లు!

కాలువ మీద పడవ పోవాలంటే వంతెన అడ్డు రాకూడదు. సరుకు నింపుకున్న పడవ, దాని మీద మనిషి నిలబడినా తల తగలకుండా పోవాలి. అందుకే వంతెనను గట్టు కంటే బాగా ఎత్తుకు లేపారు. రోడ్డు మీద నడిచేవి ఎడ్లబళ్లు. అవి మెల్లగా ఎక్కి మెల్లగా దిగేవి. ఎదురుబండి వస్తే ఒకరు ఆగేవారు. గోదావరి మర్యాద సంగతి తెలిసిందే కదా... 'ఆయ్, మీరు రండి' అంటే 'మీరే ముందు రండి' అనుకుంటూ ఇద్దరూ ఆగిపోయి ఉంటారు.

పడవలు పోయాయి. ఎత్తు మిగిలింది. ఎడ్లబండి వెళ్లిన దారిలో ఇప్పుడు కాలేజీ బస్సు వెళుతోంది. ఓడలరేవులో ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. అక్కడే ఓఎన్‌జీసీ టెర్మినల్ ఉంది, సముద్రంలో తీసే గ్యాసు ఒడ్డుకు చేరేది అక్కడికే. రొయ్యల చెరువులకు మేత లారీలు, ఐసు వ్యాన్లు తిరుగుతాయి. కొబ్బరి లోడు లారీలు సరేసరి.

ఇంకో విచిత్రం చూడండి. ఒకప్పుడు పెద్ద పాయలు దాటాలంటే పంటు ఎక్కాలి. కాబట్టి కోనసీమలోకి వచ్చే బరువు వాహనాలకు ఆ పంటే హద్దు. ఎదుర్లంక దగ్గర గౌతమి మీద బాలయోగి వారధి, బోడసకుర్రు-పాశర్లపూడి మధ్య వైనతేయ మీద వంతెన, దిండి-చించినాడ మధ్య వశిష్ఠ మీద మరొకటి వచ్చాక కాకినాడ నుంచి నరసాపురం దాకా దారి తెరుచుకుంది. ఒకనాటి 214వ నంబరు, ఇప్పటి 216వ నంబరు జాతీయ రహదారి అదే. నదుల మీద వంతెనలు కొత్తవి, విశాలమైనవి. ఆ రహదారి దిగి ఊళ్లలోకి మళ్లాక వచ్చే కాలువ వంతెనల్లో చాలావాటికి మాత్రం పాత కొలతలే. పెద్ద గేటు బార్లా తెరిచి, లోపల సందును అలాగే ఉంచేసినట్టయింది.

ఒకటిన్నర సెకను

ఈ మూపురం ఎంత ప్రమాదకరమో చిన్న లెక్క వేసి చూద్దాం. గంటకు 40 కిలోమీటర్ల వేగం అంటే కుర్రాళ్లు నవ్వుతారు. కానీ ఆ వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. ఎదురుబండిదీ అదే వేగం అనుకుంటే రెండూ సెకనుకు 22 మీటర్ల చొప్పున దగ్గరవుతాయి. శిఖరం దగ్గర ఒకరికొకరు 30 మీటర్ల దూరంలో కనిపించారనుకోండి. చేతిలో ఉన్న సమయం ఒకటిన్నర సెకను కూడా లేదు. రోడ్డు ఇంజినీర్లు డ్రైవరు చూసి, తేరుకుని, బ్రేకు మీద కాలు వేయడానికే రెండున్నర సెకన్లు లెక్కలోకి తీసుకుంటారు. బండి ఆగడానికి పట్టే దూరం దానికి అదనం.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం 40 కిలోమీటర్ల వేగంలో ఒక వాహనం ఆగడానికి 45 మీటర్ల చూపు ఉండాలి. ఒకే వరుస రోడ్డు మీద రెండు వైపుల నుంచీ వస్తారు కాబట్టి దానికి రెట్టింపు, అంటే 90 మీటర్లు కావాలి. నిటారుగా లేచే కాలువ వంతెన మీద 90 మీటర్ల చూపు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే అక్కడ హారనే కళ్లు. వానలో, పొగమంచులో, రాత్రి లైట్ల వెలుగులో ఆ కళ్లకూ చత్వారం వస్తుంది. శిఖరం ఎక్కుతున్న బండి హెడ్‌లైటు ఆకాశంలోకి చూస్తుంది తప్ప రోడ్డును చూడదు. ఆ చీకటి జానెడు మేరలో సైకిలు తోసుకుంటూ వెళుతున్న మనిషి ఉంటే?

వెడల్పు సంగతికి వద్దాం. ఒకే వరుస వంతెనకు ప్రమాణాలు చెప్పే కనీస వెడల్పు 4.25 మీటర్లు, రెండు వరుసలకు 7.5 మీటర్లు. మామూలు బస్సు వెడల్పు 2.6 మీటర్ల దాకా ఉంటుంది. 4.25 మీటర్ల వంతెన మధ్యగా బస్సు వెళుతుంటే అటూ ఇటూ మిగిలేది 80 సెంటీమీటర్ల చొప్పున. అందులోనే పక్కకు ఒదిగి నిలబడాలి... తలమీద చేపల గంపతో వస్తున్న ఆమె, పుస్తకాల సంచీ వీపున వేసుకున్న పిల్లాడు, మోకు భుజాన వేసుకుని తోటకు పోతున్న దింపు కార్మికుడు. అవతల పిట్టగోడ మోకాలెత్తు. దాని అవతల కాలువ.

కొత్త వంతెన మీద కాలిబాట పెడితే దాని వెడల్పు మీటరున్నరకు తగ్గకూడదనీ, రెయిలింగు ఎత్తు 1.1 మీటర్లకు తగ్గకూడదనీ ప్రమాణాలు చెబుతున్నాయి. అంటే మనిషి నడుము దాటి ఉండాలి. మీ ఊరి వంతెన పిట్టగోడ పక్కన ఒకసారి నిలబడి చూసుకోండి, ఎక్కడి దాకా వస్తుందో!

పిట్టగోడ ఎంత పని చేస్తుందో, చేయదో గోదావరి జిల్లాలకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 2015 జూన్ 13. తిరుపతి దర్శనం చేసుకుని విశాఖ జిల్లా అచ్యుతాపురం వైపు తిరిగి వెళుతున్న కుటుంబం. రాత్రి ప్రయాణం. ధవళేశ్వరం బ్యారేజీ మీద వాహనం అదుపు తప్పింది. పిట్టగోడను దాటుకుని కిందపడింది. 22 మంది చనిపోయారు. బతికి బయటపడింది ఒక్క పిల్లాడు. ఆనాడు గోదావరి తీరం మొత్తం కంటతడి పెట్టింది. పాత ఆనకట్ట స్థానంలో 1970ల్లో మొదలై 1982కు పూర్తయిన బ్యారేజీ అది. 175 గేట్లు, నాలుగు భాగాలు, మూడున్నర కిలోమీటర్ల పైన పొడవు. నీటిని ఆపడం దాని ప్రధాన ధర్మం. రోడ్డు దాని మీద ప్రయాణిస్తోంది, అంతే. అటువంటి చోట వాహనాన్ని లోపలే ఆపే బలమైన అడ్డుగోడ ఉండటం ఎంత ముఖ్యమో 22 ప్రాణాల సాక్షిగా తెలిసింది.

నడిచేవాళ్ల లెక్క విడిగా చూస్తే గుండె ఇంకా బరువెక్కుతుంది. 2022లో దేశం మొత్తంమీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే వారిలో 32,825 మంది కాలినడకన వెళుతున్నవారే. అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు. వాళ్లు ఏ బండీ నడపలేదు, ఏ వేగమూ మీరలేదు.

ఉప్పు గాలి తినేసే ఇనుము

పాతది కాబట్టి పడిపోతుంది, కొత్తది కాబట్టి నిలబడుతుంది అనుకుంటాం. వంతెనల విషయంలో ఇది చాలాసార్లు తిరగబడుతుంది.

పి.గన్నవరం వెళ్లి వైనతేయ ఒడ్డున నిలబడండి. నది మీద నుంచి కాలువను దాటించిన పాత అక్విడక్టు కనిపిస్తుంది. 49 కమానులు. కాటన్ కాలంలో, పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో కట్టింది. గోదావరి వరదల్ని నూట యాభై ఏళ్లు కాచింది. పక్కనే 2000లో కొత్త అక్విడక్టు వచ్చింది. దానికి అన్నదానంతో అపర అన్నపూర్ణగా పేరొందిన లంకల గన్నవరం ఇల్లాలు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఒక వంతెన బరువు దించాలంటే దానికి పక్కనే వారసుణ్ని నిలబెట్టాలని చెప్పడానికి కోనసీమలో దీనికి మించిన ఉదాహరణ లేదు.

అంత పాత కమానులు అన్నేళ్లు ఎలా నిలిచాయి? వాటిలో ఇనుము లేదు కనుక! రాయి, ఇటుక, సున్నం. బరువు పడితే కమాను మరింత బిగుసుకుంటుంది. తుప్పు పట్టడానికి ఏమీ లేదు. వాటి శత్రువు నీళ్లే. వరద ఉరవడికి పునాది కింద ఇసుక కోసుకుపోతే అప్పుడు కూలుతాయి. మహారాష్ట్రలోని మహాడ్ దగ్గర సావిత్రి నది మీద జరిగింది అదే తరహా ఉపద్రవం. బ్రిటిష్ కాలపు రాతి కమానుల వంతెన 2016 ఆగస్టు 2 రాత్రి వరదలో కొట్టుకుపోయింది. రెండు ఆర్టీసీ బస్సులు చీకట్లో నదిలోకి వెళ్లిపోయాయి. విచారించాల్సిన సంగతేమిటంటే అక్కడ పక్కనే మరో కొత్త వంతెన కూడా ఉంది. ఒక దిశలో వెళ్లేవాళ్లను దాని మీదుగా, రెండో దిశలో వెళ్లేవాళ్లను పాతదాని మీదుగా పంపుతున్నారు. కూలిన తర్వాత మాత్రం ఏడాది తిరక్కుండానే, 2017 జూన్‌లో, దాని స్థానంలో కొత్తది తెరిచేశారు. కట్టాలనుకుంటే ఎంత త్వరగా కట్టగలమో దాన్నిబట్టే తెలుస్తోంది.

సిమెంటు కాంక్రీటు వంతెన కథ వేరు. దాని బలమంతా లోపలి ఇనుప చువ్వల్లో ఉంటుంది. కాంక్రీటు ఆ చువ్వల్ని కాపాడే దుప్పటి. అల్లవరంలాంటి సముద్రపు ఊళ్లలో గాలిలోనే ఉప్పు ఉంటుంది. ఓడలరేవులో సైకిలు చైను ఎన్నాళ్లు తుప్పు పట్టకుండా ఉంటుందో అక్కడివాళ్లనే అడగండి. ఆ ఉప్పు కాంక్రీటులోని సన్నని రంధ్రాల గుండా మెల్లగా లోపలికి పోతుంది. చువ్వను చేరుతుంది. ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం కొన్ని రెట్లు పెరుగుతుంది. లోపల ఉబ్బుతున్న చువ్వ బయటి కాంక్రీటును పగలగొడుతుంది. ముందు సన్నని చీలిక, తర్వాత తుప్పు రంగు మరక, తర్వాత పెచ్చులు. పెచ్చు ఊడిన చోట చువ్వ బయటపడుతుంది. ఇక తుప్పుకు అడ్డే లేదు.

ఇదంతా వంతెన కింద జరుగుతుంది. పైనుంచి చూస్తే తారు వేసి నున్నగా ఉంటుంది. అందుకే వంతెన వయసు రోడ్డు మీద నిలబడి చూస్తే తెలియదు, కాలువలోకి దిగి పైకి చూస్తే తెలుస్తుంది.

నలభై ఏళ్ల వయసు వంతెనకు పెద్దదా, చిన్నదా? గుజరాత్‌లో మహిసాగర్ నది మీది గంభీర వంతెన 1985లో వాడుకలోకి వచ్చింది. 2025 జూలై 9 ఉదయం దాని ఒక ఖానా విరిగి నదిలో పడింది, వాహనాలతో సహా. సుమారు 20 మంది చనిపోయారు. అమెరికాలో మన తెలుగువాళ్లు ఎందరో ఉంటున్న మినియాపొలిస్ నగరంలో మిసిసిపీ నది మీది ఐ-35డబ్ల్యూ వంతెన 1967 నాటిది. 2007 ఆగస్టు 1 సాయంత్రం, ఆఫీసులు వదిలే వేళ కుప్పకూలింది. 13 మంది పోయారు. అక్కడ తప్పు తుప్పుది కాదు. దూలాలను కలిపే ఇనుప పలకల మందం మొదట్లోనే తక్కువ పెట్టారని విచారణలో తేలింది. ఏళ్లు గడిచేకొద్దీ పైన బరువు పెరిగింది, కూలిన రోజున మరమ్మతు సామగ్రి కూడా దాని మీదే ఉంది. కట్టిన నాటి బరువు వేరు, మోస్తున్న బరువు వేరు... మినియాపొలిస్‌కూ మన కాలువ గట్టుకూ ఈ ఒక్క విషయంలో తేడా లేదు.

ఈ వంతెన ఎవరిది?

మరి పాత వంతెన పాడైందని ఎవరు చూడాలి? ఇక్కడే అసలు చిక్కు. కాలువ జలవనరుల శాఖది. దాన్ని దాటే రోడ్డు ఒకచోట రోడ్లు భవనాల శాఖది, మరోచోట పంచాయతీరాజ్‌ది. ఊరి లోపలైతే పంచాయతీది. వంతెనేమో కాలువ మీద ఉన్న రోడ్డు, రోడ్డు కింద ఉన్న కాలువ! పిట్టగోడ విరిగిందని ఒక ఆఫీసుకు వెళితే మరో ఆఫీసు పేరు చెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం ఉండదు.

రైల్వేలో ఈ గొడవ లేదు. ప్రతి వంతెనకూ నంబరు ఉంటుంది, పక్కనే రాసి ఉంటుంది. తనిఖీ చేసే మనిషి ఉంటాడు, రాసే పుస్తకం ఉంటుంది. రాజమండ్రి హేవ్‌లాక్ వంతెన చూడండి. 56 ఖానాలతో 1900లో మొదలైంది. 1997లో, కూలకముందే, గౌరవంగా విశ్రాంతి ఇచ్చారు. దాని పక్కన 28 కమానుల కాంక్రీటు వంతెన అప్పటికే సిద్ధం చేసుకున్నారు. ఇవాళ గోదావరి బొమ్మ వేయమంటే పిల్లలు వేసేది ఆ కమానులే.

జాతీయ రహదారుల వంతెనలకు కూడా 2016లో కేంద్రం ఒక పద్దు మొదలుపెట్టింది. దేశంలో లక్షన్నర వంతెనల్ని లెక్కగట్టి, ఒక్కొక్కదానికీ గుర్తింపు సంఖ్య ఇచ్చి, ఏ భాగం ఎంత బాగుందో మార్కులు వేయాలన్నది ఉద్దేశం. మంచి పనే. అయితే ఊరి కాలువ వంతెన జాతీయ రహదారి మీద ఉండదు. దానికి మార్కులు వేసేది రోజూ దాటే జనమే. 2022 ఏప్రిల్ 4న కోనసీమ విడి జిల్లా అయింది, అమలాపురమే జిల్లా కేంద్రం. పాత తూర్పు గోదావరిలో ఫైలు కాకినాడ దాకా వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు అన్ని శాఖల పెద్దలూ ఒక్క ఊళ్లోనే ఉన్నారు. జిల్లాలోని కాలువ వంతెనలన్నిటికీ ఒకే పద్దు తయారు చేయడానికి ఇది మంచి అదను. ఎంత పాతది, ఎంత వెడల్పు, పిట్టగోడ ఎంత ఎత్తు, రోజూ ఎన్ని స్కూలు బస్సులు దాటుతున్నాయి... ఈ నాలుగు గడులు చాలు, ఏది ముందు మార్చాలో తేల్చడానికి.

ఎత్తు తగ్గించవచ్చా?

కొత్తది కట్టేటప్పుడు పాత ఎత్తే మళ్లీ కట్టాలా అన్నది అందరికీ వచ్చే సందేహం. పడవలు తిరగనప్పుడు ఆ మూపురం ఎందుకు? కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా పోయే నాలుగో నంబరు జాతీయ జలమార్గాన్ని 2008లో ప్రకటించారు. అందులో కాకినాడ కాలువ, ఏలూరు కాలువ ఉన్నాయి. అక్కడ వంతెనలకు పడవ ఎత్తు తప్పదు. మన మధ్య డెల్టా కాలువలు ఆ జాబితాలో లేవు. కాబట్టి ఇక్కడ ఎత్తు తగ్గించే వీలుంది. నిండు కాలువ నీటిమట్టానికీ, పూడిక తీసే యంత్రానికీ, గుర్రపు డెక్క లాగే పడవకూ చాలినంత ఉంచి మిగిలింది దించవచ్చు. లేదా ఎత్తు ఉంచి, రెండు వైపులా రోడ్డును దూరం నుంచే మెల్లగా లేపవచ్చు. రెండో పద్ధతికి స్థలం కావాలి. గట్టు పక్కన ఇళ్లు, కొట్లు ఉన్నచోట ఆ స్థలం దొరకదు, దొరికినా తగాదా లేకుండా రాదు. అందుకే ఒక్కో వంతెనకు ఒక్కో పరిష్కారం.

ఒక లాభం గురించి మాత్రం రైతులే ముందు అడగాలి. పాత వంతెనలకు కాలువ మధ్యలో స్తంభాలుంటాయి. గుర్రపు డెక్క వచ్చి వాటికి చుట్టుకుంటుంది. నీళ్లు ఎగదన్ని పైవాళ్ల చేలు మునుగుతాయి, కిందివాళ్ల చేలు ఎండుతాయి. స్తంభాలు లేకుండా గట్టు నుంచి గట్టుకు ఒకే ఖానాగా కడితే ఆ బెడద పోతుంది. మురుగు కాలువల మీద అయితే ఇది మరీ అవసరం. తుపానుకు పడ్డ వాన సముద్రంలోకి పోవాల్సింది వాటి గుండానే. 1996 నవంబరు 6 తుపాను చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక కాలిబాట. బడ్జెట్ చాలలేదంటే మొదట కోసేది దాన్నే. వాహనం వెళ్లే మేర తగ్గిస్తే గొడవ చేసేవాళ్లుంటారు, నడిచేవాళ్లకు సంఘం ఉండదు కదా! నా మట్టుకు నాకు, వెడల్పు పెంచి కాలిబాట వదిలేసిన వంతెన పాతదానికంటే ప్రమాదం అనిపిస్తుంది. ఇరుకు వంతెన మీద బస్సు డ్రైవరు భయపడి మెల్లగా పోతాడు. వెడల్పయ్యాక వేగం పెరుగుతుంది. నడిచే మనిషి మాత్రం అదే అంచున ఉంటాడు. ఎత్తుగా, విడిగా, రెయిలింగు కట్టిన బాట, దాని మీద రెండు దీపాలు... మొత్తం ఖర్చులో వీటి వాటా చిన్నదే. రెండు చివర్లా బాట దిగేచోట మెట్లు పెట్టకుండా వాలు పెడితే సైకిలు వాళ్లు, చక్రాల కుర్చీ వాళ్లు కూడా దాని మీదే వస్తారు.

నీళ్లు కట్టేసిన ఆ కొద్ది వారాలు

కాలువ వంతెన పని ఎందుకు ఏళ్ల తరబడి సాగుతుందో చాలామందికి అర్థం కాదు. కాంట్రాక్టరును తిట్టుకుంటారు. కొన్నిసార్లు అందుకు అర్హుడే కావచ్చు. కానీ అసలు ఇరకాటం నీళ్ల దగ్గర ఉంది. డెల్టా కాలువలకు ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లు పారాలి. సార్వా, దాళ్వా, తాగునీటి చెరువులు... అన్నీ వాటి మీదే. దాళ్వా కోతలయ్యాక ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, మళ్లీ సార్వా నారుమళ్ల కోసం జూన్‌లో వదులుతారు. పునాది తవ్వాలన్నా, గట్టు గోడలు లేపాలన్నా ఆ మధ్య దొరికే కొద్ది వారాలే. టెండరు ఫిబ్రవరిలో ఖరారైతే ఆ ఏడు పని జరుగుతుంది. మేలో ఖరారైతే పునాది సగంలో ఉండగానే నీళ్లొస్తాయి, ఏడాది వృథా. ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తూ మరో వేసవి కోసం ఎదురుచూస్తాయి, ఉప్పుగాలి తగులుతూనే ఉంటుంది.

కాబట్టి ఊళ్లో కొత్త వంతెన మంజూరైందని పేపర్లో చూసినప్పుడు సంతోషించే ముందు అడగాల్సింది నెల ఏమిటని. డిజైను, మట్టి పరీక్ష, కరెంటు స్తంభాలు జరపడం, నీళ్ల పైపులు మార్చడం, ఇవన్నీ కాలువ నిండుగా ఉన్నప్పుడే ముగించుకోవచ్చు. దూలాలు వేరేచోట పోత పోసి తెచ్చుకోవచ్చు. కాలువ ఎండిన రోజు నుంచి తవ్వకం మొదలు కావాలి.

అప్పటిదాకా జనం ఎలా దాటుతారన్నది మిగిలిన ప్రశ్న. పాతది పగలగొట్టాక పక్కన తూములు వేసి మట్టిగట్టు పోస్తారు, అదే తాత్కాలిక దారి. ఎండలో దుమ్ము, మొదటి వానకు బురద. బరువు బళ్లను చుట్టుదారిన పంపమని బోర్డు పెడతారు, ఎవరూ చదవరు. బడులు తెరిచేది కూడా జూన్‌లోనే. సరిగ్గా నీళ్లు వదిలే వేళకే ఆ మట్టిగట్టు తీసేయాలి, లేకపోతే కిందివాళ్లకు నీరందదు. కొత్త వంతెన మీద స్లాబు ఆరకపోతే పిల్లలు చుట్టూ తిరిగి పక్క ఊరి వంతెన మీదుగా బడికి పోవాలి. అందుకని కాలువ పొడవునా వరుసగా ఉన్న వంతెనల్లో ఒకే వేసవిలో పక్కపక్క రెండింటిని పగలగొట్టకూడదు. కాలినడక వాళ్ల కోసం ఒక ఇనుప నడకవంతెన, మట్టిగట్టుతో సంబంధం లేకుండా, నీటి మీదుగా ముందే వేసుకోవాలి. నీళ్లొచ్చినా అది ఉంటుంది. పని అయిపోయాక విప్పి తర్వాతి వంతెన దగ్గరకు తీసుకెళ్లొచ్చు.